పంటి నొప్పి అని రాయకు

అమ్మకి,

నీ చిన్న కూతురు నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం, దుకాణం, నువ్వు వదిలి వెళ్ళిన ముసలి పిల్లి, అందరం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, అన్నయ్య, వదిన, పిల్లలు కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. నా మీద కోపం తప్ప నీకు ఒంట్లో ఇంకే బాధా లేదని వదిన చెప్పింది. కోపం ఎటూ కొన్నాళ్ళు ఉండేదే కాబట్టి వేళకి తిండి మాత్రం మానకు.

ఫోన్ చేస్తే నువ్వు తియ్యడం లేదు. తీసినా నువ్వు అరుస్తావు, నేను అరుస్తాను, మధ్యలో అన్నయ్య ఛార్జింగ్ అయిపోతోందని అబద్ధం చెప్పి పెట్టేస్తాడు. మన ఇంట్లో అబద్ధాలకి ఎప్పుడూ కరువు లేదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నీ ఉత్తరం మొన్న వచ్చింది. నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి చదివాను. "అత్తయ్య ఏం రాసింది?" అని నీ అల్లుడు అడిగితే, "బోర్డు మీద అక్షరాలు వంకరగా ఉన్నాయట" అన్నాను. రాసింది తనే కదా, పాపం సాయంత్రం దాకా మొహం వేలాడేసుకుని తిరిగాడు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. భట్టీలో కుడివైపు ఇటుకలు వదులైతే మేస్త్రీని పిలిచి మార్పించాం. ఆ మూల పెట్టిన రొట్టెలు ఇప్పుడు మాడటం లేదు. పిండి కలిపే మిషన్ మాత్రం నాన్న పోయిన దగ్గర్నుంచి నా మాట వినడం లేదు. ఆయన దాని నడుం మీద ఒక్కటి చరిస్తే తిరిగేది, నేను రెండు చరిచినా మూలుగుతుంది. నీ మోకాళ్ళ నూనె అటక మీద దొరికింది, అన్నయ్య స్నేహితుడు ఇటు వస్తే ఇచ్చి పంపుతాను. నాన్న కుర్చీ ఎవరికైనా ఇచ్చేశావా అని అడిగావు. ఇవ్వలేదు, గల్లాపెట్టె పక్కనే ఉంది. తెలియనివాళ్ళెవరైనా కూర్చోబోతే "దాని కాలు విరిగిందండీ" అంటున్నాను. విరగలేదు. ఎందుకంటున్నానో నాకే తెలియదు.

ఇక నువ్వు నాలుగు పేజీల్లో తిట్టిన సంగతికి వస్తాను. కిటికీ అత్తయ్య నీకు చేరవేసిందంతా నిజమే. గోడలకి చెవులుంటాయంటారు, మన వీధిలో కిటికీకి నోరు కూడా ఉంది. ఎదురు మేడ మీద నుంచి ఆవిడకి కనబడినంత ఆవిడ చెప్పింది. కనబడనిది నేను చెప్పాలి.

నాన్న పోయి ఏడాది అయిన రోజు దుకాణం ముందు బోర్డు పెట్టాను. "ఈ దుకాణం యజమాని పోయిన ఏడాది ఇదే రోజున, ఆహారనాళానికి వచ్చిన క్యాన్సర్‌తో చనిపోయారు. ఆయన జ్ఞాపకంగా ఈ రోజు అమ్మకమంతా క్యాన్సర్ పరిశోధనకి ఇస్తున్నాం" అని. అంతే, ఒక్క ముక్క ఎక్కువ లేదు. నీ ఉత్తరం మొత్తంలో నువ్వు ఆ మాట ఒక్కసారి కూడా రాయలేదమ్మా. "ఆ రోగం" అని రాశావు, "ఆ దిక్కుమాలినది" అని రాశావు, రెండుచోట్ల ఉత్త "అది" అని వదిలేశావు. నేను రాస్తున్నాను, క్యాన్సర్. చూడు, కాగితం కాలిపోలేదు.

ఆ రోజు ఎలా గడిచిందని నువ్వు అడగలేదు, అయినా చెబుతాను. నాన్న పెట్టిన పద్ధతి నేను వదల్లేదు. షట్టర్ ఎత్తగానే మొదటి రొట్టెని అందరి ఎదుటా విరిచి, ఒక ముక్క నోట్లో వేసుకున్నాకే అమ్మకం మొదలుపెట్టాను. అక్కడున్నవాళ్ళు బోర్డు చదివారు, తర్వాత నా నోటి వంక చూశారు. నేను మింగేదాకా ఎవరూ సంచి తెరవలేదు. ఒకావిడ నెమ్మదిగా, "అంటుకునేది కాదు కదమ్మా?" అంది. "రొట్టెలకి రాదండీ" అన్నాను. అనకుండా ఉండాల్సింది, ఆవిడ నొచ్చుకుని వెళ్ళిపోయింది.

హాస్టల్ వంటాయన ఫోన్ చేసి ఈ వారం రొట్టెలు పంపొద్దన్నాడు. పిల్లలకి సెలవులా అంటే నీళ్ళు నమిలాడు. వచ్చినవాళ్ళు కూడా కొనడానికి వచ్చినట్టు రాలేదు, పరామర్శకి వచ్చినట్టు వచ్చారు. ప్రతివాళ్ళదీ ఒకటే ప్రశ్న, "అదేంటమ్మా, గుండె అన్నారు కదా?" అని. నువ్వు చెప్పిన గుండెపోటుకి నేను రోజంతా జవాబు చెప్పుకున్నాను. సాయంత్రానికి ట్రేలకి ట్రేలు మిగిలిపోయాయి. రొట్టె మిగిలితే నాన్నకి ఎలా ఉండేదో నీకు తెలుసు. ఆ ట్రేల ముందు కూర్చుని, కొరివితో తల గోక్కున్నాను, అమ్మ చెప్పిందే నిజమైంది అనుకున్నాను. చాలా ఏడ్చాను కూడా.

షట్టర్ దించబోతుంటే మలుపులో దర్జీ ఆవిడ వచ్చింది. రొట్టె అడగలేదు. నాన్న కుర్చీ పక్కన నిలబడి, చాలాసేపు కొలతల టేపు వేళ్ళకి చుట్టుకుని విప్పుకుని, "మాస్టారికి మొదట్లో ఎలా ఉండేదమ్మా? మింగేటప్పుడు పట్టేసినట్టుండేదా?" అని అడిగింది. మొదట గట్టివి దిగేవి కావని, నీళ్ళు తాగితే జారేవని, తర్వాత నీళ్ళు కూడా దిగేవి కావని ఉన్నదున్నట్టు చెప్పాను. "మా అన్నయ్య కోసం అడుగుతున్నాను" అంది. ఆవిడకి అన్నయ్య ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు. ఆస్పత్రిలో ఏ గదికి వెళ్ళాలో చెప్పాను, నేనూ తోడు వస్తానన్నాను. వద్దంది. రెండు రొట్టెలు చేతిలో పెడితే ఒకటే తీసుకుంది.

మర్నాడు, అమ్మకంలో వచ్చిన డబ్బు తీసుకెళ్ళి పరిశోధన డాక్టరమ్మకి ఇచ్చాను. ఆస్పత్రి వెనకవైపు, మెట్ల కింద ఆవిడ గది. గోడ పొడుగునా ఫ్రీజర్లు గురక పెడుతుంటాయి, కూర్చోడానికి ఒకే స్టూలుంది, అది నాకిచ్చి ఆవిడ నిలబడింది. "దీంతో మందు దొరుకుతుందా అండీ?" అని అడిగాను. "దొరకదండీ" అంది. "మీకు అబద్ధం చెప్పను. దీంతో గాజు పలకలు, రంగులు కొంటాం. మీ నాన్నగారిచ్చిన ముక్కలాంటివి వందలు చూడాలి. నేను రిటైరయ్యేలోపు మందు రాకపోవచ్చు కూడా." నాకు ఏడుపొచ్చింది, కానీ మనిషి మీద గౌరవం కలిగింది. నాన్న జబ్బు మొదలైనప్పటి నుంచీ మనలో ఎవరి నోటా అంత సూటి మాట రాలేదు.

"మీ నాన్నగారిచ్చిన ముక్క" అన్న చోట నువ్వు ఆగిపోయి ఉంటావు. ఆగే ఉండు. అక్కడికే వస్తున్నాను.

నీ ఉత్తరంలో చివరి పేజీ నాకు నోటికి వచ్చేసింది. "మీ నాన్న తనకేమైందో తెలియకుండా, పళ్ళ వల్ల గొంతులో పుండు పడిందనుకుంటూ ప్రశాంతంగా పోయారు. నా జన్మకి నేను చేసుకున్న మంచిపని అదొక్కటే. ఆయనకే తెలియనిదాన్ని బజారుకెక్కించడానికి నువ్వెవరివి? ఆ బోర్డు ఉన్నంతకాలం ఆ గడప తొక్కను" అని రాశావు. తిట్లకి నేను జడిసేదాన్ని కాదు. కానీ ఆ "ప్రశాంతంగా" అన్న మాట చదివాక ఊరుకోలేకపోయాను.

అమ్మా, నీకా దంతాల డాక్టరు గుర్తున్నాడు కదా. మొదటి రొట్టె ముక్క మింగలేక నాన్న అటు తిరిగి తువ్వాల్లో ఉమ్మడం ఎవరో చూసి ఏమైందంటే, నువ్వు టక్కున "పళ్ళు" అన్నావు. అప్పటికి నీకూ నాకూ పెద్ద డాక్టరు సంగతి చెప్పేశాడు. నాన్నకి చెప్పనని నువ్వు నా చేత ఒట్టు వేయించుకున్నావు. పళ్ళు సరిగ్గా నమలక గొంతు ఒరుసుకుని పుండు పడిందని, ఆస్పత్రిలో రేడియేషన్ ఇస్తుంటే, అది మానడానికే లైటు పెడుతున్నారని ఆయనకి చెప్పావు. వీధిలో పంటి నొప్పి అన్నావు. ఆ మాట మన బన్నులు తినే దంతాల డాక్టరు చెవిన పడింది. "నేనుండగా మాస్టారికి పంటి నొప్పేమిటి, పైసా అక్కర్లేదు, రేపే పంపండి" అని దుకాణానికే వచ్చి కూర్చున్నాడు. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. నీ మొహం నాకింకా కళ్ళకి కట్టినట్టుంది.

నాన్న నాతో వెళ్ళారు. బుగ్గ వాచిపోయి తిరిగొచ్చారు. జేబులోంచి కాగితం పొట్లం తీసి, అందులోని పన్నుని నీ అరచేతిలో పెట్టి, "ఇదేనే దొంగ, దొరికింది. ఇక తగ్గుతుందిలే" అన్నారు. ఆ పూట చాలా రోజుల తర్వాత నువ్వు కడుపునిండా తిన్నావు. వంటింట్లో నా చెవిలో, "చూశావా, నమ్మేశారు" అన్నావు. నువ్వు నవ్వుతూ అన్నావమ్మా. అందుకే నేనేమీ అనలేకపోయాను.

ఆ పన్నుకి ఏ జబ్బూ లేదు.

డాక్టరు ఒక్కో పన్నూ తట్టి చూసి, "మాస్టారూ, ఈ వయసులో ఇలాంటి పళ్ళు నేను చూడలేదు. నొప్పి దేనికి?" అన్నాడు. నాన్న, "మీకు ఏది పీకడం తేలికైతే దానికి" అన్నారు. డాక్టరు నవ్వాడు. నాన్న నవ్వలేదు. "నాకేమైందో నాకు తెలుసండీ. మా ఆవిడ పళ్ళని చెప్పింది. ఆవిడ మాట పోకూడదు. ఉత్త చేతులతో ఇంటికెళ్తే కనిపెట్టేస్తుంది, గడుసుది" అన్నారు. డాక్టరు నా వంక చూశాడు. నేను గోడవైపు తిరిగి ఏడుస్తున్నాను. అతనికి అర్థమైంది. మంచి పన్ను పీకనని చాలాసేపు మొండికేశాడు. "కొద్దిగా అరిగినది ఒక్కటైనా ఉండదా, వెతకండి బాబూ" అని నాన్న బతిమాలుకున్నారు. చివరికి బాగా వెనకున్నది ఒకటి చూసి పీకాడు. పీకేటప్పుడు నాన్న చేతిని నేను పట్టుకున్నాను, డాక్టరు చెయ్యి ఎవరూ పట్టుకోలేదు, అదే ఎక్కువ వణికింది.

బయట బల్ల మీద కూర్చున్నాక, "ఎప్పటి నుంచి తెలుసు నాన్నా?" అని అడిగాను. నోట్లో దూది, మాట ముద్దగా వచ్చింది. "ఆ ఆస్పత్రి వరండాలో, ఆ పెద్ద బోర్డు కింద నుంచి వెళ్ళేటప్పుడల్లా మీ అమ్మ నా రెక్క పట్టుకుని 'నేల తడిగా ఉంది, కిందకి చూసి నడవండి' అంటుంది కదే. మండుటెండల్లో కూడా ఆ నేల ఆరలేదు తల్లీ" అన్నారు. నేను, "మరి తలెత్తి చదివారా?" అన్నాను. "మొదటిసారే. తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. అంత కష్టపడి దాస్తుంటే చూడటం మర్యాద కాదు" అన్నారు.

ఇంకో సంగతి కూడా విను. ఆస్పత్రిలో చేర్చినప్పుడు నువ్వు కాఫీకి కిందికి వెళ్ళావు. పరీక్షకి తీసిన ముక్కలో మిగిలింది పరిశోధనకి ఇస్తారా అని ఆ డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి అడుగుతుంటే, నాన్న మంచం మీద నుంచే కేకేశారు, "నా గొంతులో ఉన్నదాన్ని నన్నడగండమ్మా" అని. "ఇన్నాళ్ళూ అద్దె లేకుండా పోషించాను. మీ దగ్గరైనా పనిచేసి బతుకుతుందేమో, తీసుకెళ్ళండి" అని సంతకం పెట్టారు. ఆవిడ వెళ్ళాక నాతో అన్నారు, "నేను పోయాక ఏడాదికి ఒక్క రోజు నా పేరు చెప్పి రొట్టెలమ్మి వీళ్ళకివ్వు. రోగం పేరు రాయి. పంటి నొప్పి అని రాయకు. రొట్టె ముక్క తువ్వాల్లో ఉమ్మేసుకుంటూ, మీ ఎవరికీ చెప్పకుండా నేనే ముందు చాలాకాలం దాచాను. నాలాంటి ఇంకో వెధవ ఆ బోర్డు చదివి త్వరగా వెళ్తే చాలు." "మరి అమ్మ సంగతో?" అన్నాను. "నాకు తెలుసని మాత్రం ఆవిడకి చెప్పకు. తెలిస్తే నా దగ్గరికొచ్చి ఏడుస్తుంది. ఆవిడ ఏడిస్తే నేను తట్టుకోలేను" అన్నారు. అమ్మ నన్ను తిడుతుంది నాన్నా అంటే, "తిట్టించుకో, నీకు అలవాటేగా" అన్నారు. అప్పుడే నువ్వు కాఫీ పట్టుకుని వచ్చావు. "ఏంటి తండ్రీ కూతుళ్ళ గుసగుసలు?" అని అడిగావు. "పళ్ళ గురించే" అన్నారు ఆయన.

అందుకే తిట్టించుకున్నాను. బోర్డు నా సొంత తెలివని నువ్వు అనుకుంటే అనుకోనిచ్చాను. ఇంకా తిట్టించుకుందామనే అనుకున్నాను, కానీ నా వల్ల కాలేదు. నాన్నకున్న ఓర్పు నాకు లేదు. ఏమీ తెలియని అమాయకుణ్ణి నేను అల్లరి పెట్టానని నువ్వు రాశావు. ఆయన అమాయకుడు కాదమ్మా. ఆఖరి రోజుల్లో నువ్వు వంటింట్లో కుళాయి తిప్పుకుని ఏడ్చేదానివి. ఆయన పిండి గదిలో తలుపు దగ్గరగా వేసుకుని ఏడ్చేవారు. ఇద్దరూ మొహాలు కడుక్కుని వచ్చి ఒకరినొకరు "తిన్నావా", "తిన్నారా" అని అడిగేవాళ్ళు. మధ్యలో నేను ఇద్దరికీ మంచినీళ్ళు అందించేదాన్ని. ఇద్దరి మాటా నిలబెట్టాలని చూశాను. మీరిద్దరూ ఒక్కసారి, ఒక్క పూట, కలిసి కూర్చుని ఏడిస్తే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది. ఆ అవకాశం పోనిచ్చాను.

నీకు మిగిలిన ఒక్క తృప్తినీ ఈ ఉత్తరంతో తీసేసుకున్నాను. చదివాక నువ్వు ఎలా ఉంటావోనని భయంగానే ఉంది. వదినకి విడిగా ఫోన్ చేసి, ఉత్తరం వచ్చిన రోజు నిన్ను ఒంటరిగా వదలొద్దని చెప్పాను. ఎందుకని అడిగింది, చెప్పలేదు. నువ్వే చెప్పుకో, చెప్పాలనిపిస్తే.

దర్జీ ఆవిడ కొట్టు నిన్న తెరవలేదు, ఇవాళా తెరవలేదు. ఆస్పత్రికి వెళ్ళిందో, నా ఎదురు పడలేకే మూసుకుందో తెలియదు. వెళ్ళి ఉంటే బాగుండు. హాస్టల్‌వాళ్ళు ఇంకా రొట్టెలు తీసుకోవడం లేదు. ఇదే పద్ధతిలో పోతే భట్టీ ఒక పూటే వెలిగించాల్సి వస్తుందని నీ అల్లుడు అంటున్నాడు. అలా జరిగినా మళ్ళీ ఏడాది ఆ రోజు బోర్డు పెట్టాలనే నాకుంది. పెట్టకపోతే నాన్న మొహం నన్ను నిద్రపోనివ్వదు.

ప్రస్తుతానికి బోర్డు లోపలి గోడకి తగిలించి ఉంది. దాని విషయం నీకే వదిలేస్తున్నాను. తియ్యమంటే తీసేస్తాను, మళ్ళీ ఎప్పుడూ పెట్టను, నీ మీద ఒట్టు. కానీ ఆ మాట ఉత్తరంలో రాయకు, ఫోన్లో చెప్పకు, అన్నయ్యతో చెప్పించకు. నువ్వే రా. దాని ముందు నిలబడి, తల దించుకోకుండా, అందులో ఉన్నదంతా ఒక్క మాట కూడా వదలకుండా పైకి చదువు. చదివాక తియ్యమను, తీసేస్తాను. మధ్యలో నీ గొంతు పట్టేస్తే ఆగు. నేను పక్కనే ఉంటాను, అక్కడి నుంచి ఇద్దరం చదువుదాం.

ఇట్లు,
నువ్వెంత తిట్టినా నీదే అయిన
చిన్నమ్మాయి